ఇంట్లో వేసుకునే ఊలు మేజోళ్లకి ఏ ఊలు, ఏ సూదులు కొనాలి

షాపులో ఊలు ఉండ చేతిలోకి తీసుకోగానే అందరూ దాన్ని బుగ్గకి ఆనించి చూస్తారు. మెత్తగా తగిలితే కొనేస్తారు. శాలువాకి, పసిపిల్లల టోపీకి ఆ పరీక్ష చాలు. మేజోళ్లకి చాలదు. ఉండ నుంచి ఒక జానెడు దారం లాగి, రెండు కొసలూ పట్టుకుని కొంచెం సాగదీసి వదలండి. చటుక్కున వెనక్కి ముడుచుకుంటే అది మేజోళ్లకి పనికొచ్చే దారం. సాగింది సాగినట్టే వేలాడిందంటే, ఎంత మెత్తగా ఉన్నా, ఎంత మంచి రంగైనా, దాంతో అల్లిన మేజోడు నాలుగు రోజుల్లో వదులై మడమ కిందికి జారిపోతుంది, అరికాలి కింద మడతలు పడుతుంది.

ఇక్కడ చూస్తున్నది ఇంట్లో చెప్పుల బదులు వేసుకునే మందపాటి మేజోళ్లకి కావలసిన సరుకు. షికాగోలోనో టొరంటోలోనో చెక్క నేల మీద చలికాలం గడిపేవాళ్లకీ, లంబసింగి, అరకు, ఆదిలాబాద్ చలిలో తెల్లవారుజామునే లేచేవాళ్లకీ ఇవి ఒకేలా పనికొస్తాయి. బూట్లలో వేసుకునే సన్నని సాక్స్ సంగతి వేరు. వాటికి 2.25 మిల్లీమీటర్ల సూదుల మీద 60 పైచిలుకు కుట్లు కావాలి, ఓపికా అంతే కావాలి. ఈ మందపాటివి 4 మిల్లీమీటర్ల సూదుల మీద 44 కుట్లతో అయిపోతాయి. నిట్, పర్ల్ అనే మూల కుట్లు రెండూ వచ్చినవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

ఊలు సంగతి

ముందు చీటీ చదవడం తెలియాలి. మన దగ్గర షాపుల్లో "2 ప్లై, 4 ప్లై" అని అడుగుతారు. ప్లై అంటే ఎన్ని పేటలు కలిపి పురి పెట్టారన్న లెక్క. దారం ఎంత లావో అది చెప్పదు. సన్నని దారానికీ నాలుగు పేటలుండొచ్చు, లావు దారం ఒంటి పేటదైనా కావచ్చు. చూడవలసింది 100 గ్రాములకి ఎన్ని మీటర్లన్నది. 200 మీటర్లకి అటూ ఇటూగా ఉంటే ఈ మేజోళ్లకి సరైన లావు. 400 మీటర్లుంటే సాక్ దారం, అంటే సన్నది; దాన్ని రెండు పోగులు కలిపి అల్లితే మళ్లీ ఇదే లావుకి వస్తుంది. ఆడవాళ్ల మామూలు పాదానికి, 8 సెంటీమీటర్ల పట్టీతో (చీలమండ పైన కాలిని పట్టి ఉండే భాగం), ఒక జతకి 150 నుంచి 170 మీటర్లు పడుతుంది. 180 మీటర్లు చేతిలో ఉంచుకుంటే రెండో మేజోటి వేళ్ల దగ్గర దారం చాలక దిగులుపడే పని ఉండదు.

పూర్తి యాక్రిలిక్ అన్నిటికంటే సులువుగా దొరుకుతుంది. లూధియానా నుంచి వచ్చే వర్ధమాన్, గంగా, ఓస్వాల్ ఉండల్లో చాలా భాగం యాక్రిలిక్కే. అమెరికాలో ప్రతి క్రాఫ్ట్ షాపులోనూ కనిపించే రెడ్ హార్ట్ సూపర్ సేవర్ కూడా అంతే; 198 గ్రాముల పెద్ద ఉండ, 333 మీటర్లు, అంటే దాదాపు రెండు జతలు. అల్లిక నేర్చుకోవడానికి, పిల్లల పాదాలు పెరిగే లోపు వాడి పారేసే జతలకి యాక్రిలిక్ చక్కగా సరిపోతుంది. మెషిన్లో వేసినా ఏమీ కాదు, పురుగు కొట్టదు. కానీ దీనికి చెమట పీల్చే గుణం లేదు. గంటసేపు వేసుకుంటే పాదం లోపల తడిగా, పైన చల్లగా అనిపిస్తుంది. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం దాకా ఆవిరి పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు, వెచ్చదనంలో తేడా అంతా అక్కడ ఉంది. యాక్రిలిక్‌కి ఇంకో ప్రమాదం ఇస్త్రీ పెట్టె. ఆవిరి తగిలితే దారంలోని ముడుచుకునే బలం చచ్చిపోయి, రిబ్ పట్టీ (నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లే సాగుడు పట్టీ) గుడ్డపేలికలా వేలాడుతుంది. మళ్లీ బాగుచేయడం కుదరదు. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది కూడా. వంటింట్లో నిలబడేవాళ్లకి ఈ ఒక్క కారణంగానైనా ఊలు పాలు ఎక్కువున్న దారమే మంచిది.

యాక్రిలిక్, ఊలు కలిపినవి మధ్యస్థం. లయన్ బ్రాండ్ వారి ఊల్-ఈజ్ ఇందులో పేరున్నది: 80 శాతం యాక్రిలిక్, 20 శాతం ఊలు, 85 గ్రాములకి 180 మీటర్లు. ఒక్క ఉండతో ఒక జత. ఊలు ఐదో వంతే అయినా పైన చెప్పిన జానెడు పరీక్షలో ఒట్టి యాక్రిలిక్‌తో పోలిస్తే తేడా వేళ్లకి తెలుస్తుంది. ఊలు ఒంటికి తగిలితే దురద అనేవాళ్లు కూడా దీన్ని భరిస్తారు. మొదటి జతకి ఇది కొనండి.

మెషిన్లో ఉతకదగ్గ పూర్తి ఊలు కావాలంటే కాస్కేడ్ 220 సూపర్‌వాష్ లాంటివి ఉన్నాయి, 100 గ్రాములకి 200 మీటర్లు. ఊలు వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి నీళ్లలో రుద్దితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట గట్టిపడి, కుంచించుకుపోతుంది. సూపర్‌వాష్ అంటే ఆ పొలుసుల్ని అణిచేసిన ఊలు. అందుకే ముద్దకట్టదు. అయితే ఒకదానికొకటి పట్టుకునే గుణం తగ్గుతుంది కాబట్టి తడిస్తే పొడుగూ వెడల్పూ సాగుతుంది. నమూనా ముక్కని ఉతికి, ఆరాకే కొలవండి. ఉతక్కుండా కొలిచి అల్లితే మొదటి ఉతుకులోనే మేజోడు ఒక సైజు పెరుగుతుంది.

మా ఓటు మాత్రం సాక్ దారం రెండు పోగులకే. 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ కలిపి, గట్టిగా పురిపెట్టిన దారం. డ్రాప్స్ ఫాబెల్ ఈ కొలతలోనే వస్తుంది, 50 గ్రాములకి 205 మీటర్లు. రెండు ఉండలు తెచ్చి, రెండిటి కొసలూ కలిపి అల్లితే సరిగ్గా ఒక జత. ఊలు సాగి ముడుచుకుంటుంది, నైలాన్ మడమ అరగకుండా కాపాడుతుంది, గట్టి పురి నూగు లేవనివ్వదు. మెత్తగా వదులు పురితో ఉన్న ఒంటి పేట ఊలు వేలికి ఎంత హాయిగా ఉన్నా, నేల మీద నడిచే మేజోటికి పనికిరాదు. మడమ, బొటనవేలి కింద ముందు నూగు, తర్వాత ఉండలు, చివరికి చిల్లు. రెండు పోగులతో అల్లేటప్పుడు ప్రతి కుట్టులోనూ రెండు పోగులూ సూది మొనకి దొరికాయో లేదో చూసుకుంటూ ఉండాలి. ఒకటి జారితే బయట చిన్న ఉచ్చులా వేలాడుతుంది, కాలిగోరు తగులుకుని మొత్తం లాగేస్తుంది.

నూలు దారంతో అల్లొద్దు. నూలు సాగితే సాగినట్టే. ఊలు అసలు పడదనేవాళ్లకి కాస్కేడ్ ఫిక్సేషన్ లాంటి ఎలాస్టిక్ కలిపిన నూలు ఉంది, 98.3 శాతం నూలు, 1.7 శాతం ఎలాస్టిక్. దాన్ని వేలికి బిగించి అల్లితే ప్రతి కుట్టూ లోపలికి ముడుచుకుని మేజోడు చిన్నపిల్లల సైజుకి దిగుతుంది. దారాన్ని ఉండ నుంచి ముందే వదులు చేసుకుని, లాగకుండా అల్లాలి. మఖమల్‌లా ఉండే షెనీల్ దారం చూడ్డానికి దుప్పటంత వెచ్చగా అనిపిస్తుంది గానీ కుట్లు కనపడవు, నున్నటి టైల్స్ మీద జర్రున జారుతుంది.

2025లో ఊలు, బట్టలు, క్రాఫ్ట్ సరుకులు అమ్మే జోయాన్ షాపులన్నీ మూతపడ్డాక అమెరికాలో చేత్తో తాకి కొనే చోట్లు తగ్గాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ముందు ఒక్క ఉండే తెప్పించుకుని లాగి చూడండి. కాకపోతే తర్వాత తెప్పించే ఉండల మీద డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకి ఇచ్చే గుర్తు) అదే ఉండకపోవచ్చు, రంగు ఒక ఛాయ మారొచ్చు. అలాంటప్పుడు కొత్త ఉండని రెండు మేజోళ్లకీ పాదం భాగంలోనే వాడితే తేడా ఎవరికీ కనపడదు.

సూదులు

ఇక్కడ అందరూ పడే గుంట నంబర్లలో ఉంది. మన దేశంలో పాత సూదుల మీద బ్రిటిష్ నంబరు ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబరు తలకిందులు, పెరిగేకొద్దీ లావు. బ్రిటిష్ 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఇక్కడి అమ్మమ్మ ఫోన్లో "ఎనిమిది నంబరు సూదులే అమ్మా" అని చెబితే, అక్కడి మనవరాలు డాలస్‌లో ఎనిమిది నంబరే కొని అల్లిన మేజోడు తాతగారి పాదానికి కూడా వదులవుతుంది. నంబరు మర్చిపోయి మిల్లీమీటర్లలోనే అడగండి. మనకి కావలసింది 4 మిల్లీమీటర్లు. ఈ లావు దారం చీటీ మీద సాధారణంగా 4.5 లేదా 5 అని రాసి ఉంటుంది. అది స్వెటర్ కోసం. మేజోటికి ఒక మెట్టు సన్న సూది మీద బిగువుగా అల్లితేనే నేల రాపిడికి తట్టుకుంటుంది, గాలి దూరదు.

గుండ్రంగా అల్లడానికి మూడు దారులు. రెండు వైపులా మొన ఉన్న పొట్టి సూదులు ఐదు తీసుకోవడం పాత పద్ధతి. మడమ తిప్పడం, అంటే మడమ దగ్గర అల్లికని వంపు తిప్పడం, అర్థం కావాలంటే ఇదే బాగుంటుంది, కానీ మొదటి నాలుగు వరుసలూ ముళ్లపందిని చేత్తో పట్టుకున్నట్టుంటుంది. రెండు సూది మొనల్ని వంగే తీగతో కలిపినది కేబుల్ సూది; 23 సెంటీమీటర్ల బుల్లి కేబుల్ సూది మీద వేగం వస్తుంది గానీ పిడి పొట్టి కావడంతో వేళ్లు నొప్పెడతాయి, వేళ్ల భాగం అల్లడానికి ఎలాగూ వేరే సూదులు కావాలి. ఒక్కటే కొనాలంటే 80 సెంటీమీటర్ల కేబుల్ సూది కొనండి. కుట్లని రెండు సగాలు చేసి, మధ్యలో కేబుల్‌ని ఉచ్చులా బయటికి లాగి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతి దీంతో కుదురుతుంది. ఇదే సూది మీద పసివాళ్ల మేజోళ్లూ వస్తాయి, టోపీలూ వస్తాయి.

కేబుల్ మెత్తగా వంగడమే ఇందులో ప్రాణం. చావ్‌గూ వారి రెడ్ లేస్ సూదులకి నైలాన్ పూత వేసిన ఉక్కు కేబుల్ ఉంటుంది, పెట్టె నుంచి తీయగానే తిన్నగా ఉంటుంది. మన దేశంలో తయారయ్యే నిట్‌ప్రో సూదులు ఇక్కడ తేలిగ్గా దొరుకుతాయి, అమెరికాలో వాటినే నిటర్స్ ప్రైడ్ పేరుతో అమ్ముతారు. ఏ కంపెనీదైనా ప్లాస్టిక్ కేబుల్ చుట్టలు తిరిగి ఉంటే వేడి నీళ్లలో ఒక నిమిషం ముంచి, తిన్నగా లాగి పట్టుకుంటే లొంగుతుంది. కొనేముందు గోరుతో సూదీ కేబులూ కలిసే చోట గీరి చూడండి. గోరు చిక్కుకుంటే దారమూ చిక్కుకుంటుంది, ప్రతి చుట్టూ అక్కడ ఆగి కుట్లు తోసుకోవాలి. జారే యాక్రిలిక్‌కి వెదురు సూది, గరుకు ఊలుకి లోహపు సూది అనుకుంటే పొరపాటు ఉండదు.

నరసాపురం లేసు వైపు నుంచి వచ్చినవాళ్లకి క్రోషే సూది చేతిలో పుట్టినట్టే ఉంటుంది, మేజోళ్లు కూడా దాంతోనే అల్లేద్దామనిపిస్తుంది. క్రోషే కుట్టు ముడిలా బిగుస్తుంది, బట్ట మందంగా వస్తుంది, సాగడం తక్కువ. చెప్పులా అడుగు గట్టిగా కావాలంటే సరే, కాలిని పట్టుకుని ఉండే మేజోటికి నిట్టింగే కావాలి. క్రోషే సూదిని మాత్రం పక్కనే ఉంచుకోండి, జారిన కుట్టుని నాలుగు వరుసల కింద నుంచి ఎక్కించడానికి దాన్ని మించినది లేదు.

అల్లే తీరు, చెడే చోట్లు

పాదం చుట్టుకొలత వేళ్ల మొదళ్ల దగ్గర 22.5 సెంటీమీటర్లు, పొడవు 24 సెంటీమీటర్లు అనుకుందాం. 4 మిల్లీమీటర్ల సూది మీద 10 సెంటీమీటర్లకి 22 కుట్లు రావాలి. మేజోడు పాదం కంటే పదో వంతు చిన్నదిగా ఉంటేనే పట్టుకుని ఉంటుంది. 22.5లో పదో వంతు తీసేస్తే 20 చిల్లర, దాన్ని 2.2తో హెచ్చిస్తే 44 కుట్లు. రెండు నిట్, రెండు పర్ల్ రిబ్‌కి నాలుగుతో భాగించబడాలి, 44 సరిపోయింది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మేజోళ్లు పాడయ్యే చోటు: మొదటి అంచు, అంటే అల్లిక మొదలుపెట్టడానికి సూది మీదికి కుట్లు ఎక్కించే వరుస. టేపుని మడమ మొన నుంచి చీలమండ ముందు మడత మీదుగా చుట్టి చూడండి. పాదం 22.5 ఉన్నవాళ్లకి అక్కడ 30 దాటుతుంది. అంటే 20 సెంటీమీటర్ల అంచు 30 దాటి సాగి, మళ్లీ 20కి రావాలి. రిబ్ సాగుతుంది, దారం సాగుతుంది, మామూలుగా ఎక్కించిన అంచు మాత్రం తాడులా నిలబడి మడమని లోపలికి వెళ్లనివ్వదు. దీనికి లావు సూది మీద ఎక్కించమని చాలామంది చెబుతారు. దానివల్ల మొదటి వరుస కుట్లు పొడుగవుతాయి, అంతే. అంచు పొడవుని నిర్ణయించేది రెండు కుట్ల మధ్య ఉన్న దారం. అందుకని సూది మీద కుట్టుకీ కుట్టుకీ నడుమ మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందుని చూపుడు వేలితో నొక్కి పట్టి తర్వాతి కుట్టు వేయండి. ఇంకా బాగా సాగాలంటే ఓల్డ్ నార్వీజియన్ పద్ధతిలో ఎక్కించండి, దాని కింద అదనపు మెలిక ఒకటి ఉండి స్ప్రింగులా పనిచేస్తుంది. రెండు చుట్లు అల్లాక అక్కడే ఆగి, కుట్లన్నీ కేబుల్ మీదికి జరిపి, స్కేలు మీద లాగి కొలవండి. 30 రాకపోతే విప్పి మళ్లీ ఎక్కించండి. అప్పుడు పోయేది పది నిమిషాలు, చివర్లో తెలిస్తే పోయేది మొత్తం మేజోడు.

పట్టీ 8 సెంటీమీటర్లు రిబ్ అల్లాక మడమ. మొదటి 22 కుట్లు పాదం పై భాగానికి వదిలేయండి. అవి రెండు నిట్‌తో మొదలై రెండు నిట్‌తోనే ముగుస్తాయి, చూపుకి సమంగా ఉంటుంది. మిగిలిన 22 మీద ముందుకీ వెనక్కీ 22 వరుసలు. బట్ట బయటి వైపు మీకు కనిపించే వరుసలో ఒక కుట్టు అల్లకుండా రెండో సూది మీదికి జార్చి, తర్వాతిది నిట్, మళ్లీ అలాగే. లోపలి వైపు కనిపించే వరుసలో మొదటిది జార్చి మిగతావన్నీ పర్ల్. జార్చిన కుట్ల వెనక దారం అడ్డంగా పరుచుకుని బట్ట రెండు పొరలవుతుంది, మడమకి కావలసింది అదే.

మడమ తిప్పడం ఇలా. 1 జార్చి, 12 నిట్, తర్వాత రెండు కుట్లని ఎడమకి వాలేలా కలిపి ఒకటి చేసి, 1 నిట్, తిప్పండి. 1 జార్చి, 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, 1 పర్ల్, తిప్పండి. ఆ తర్వాత ప్రతి వరుసలోనూ, ముందు తిప్పిన చోట పడిన సందుకి ఒక కుట్టు ముందు దాకా వెళ్లి, సందుకి అటొకటీ ఇటొకటీ కలిపి, ఇంకొకటి అల్లి తిప్పడమే. మొత్తం 8 వరుసలు, చివరికి 14 కుట్లు మిగలాలి. 15 గానీ 13 గానీ ఉంటే ఎక్కడో సందు కనపడక ముందుకి వెళ్లిపోయారు. మడమ అంచు నుంచి అటు 12, ఇటు 12 కుట్లు ఎత్తుకుంటే, పై 22తో కలిపి 60. జార్చిన అంచులో 11 గొలుసులే ఉంటాయి. పన్నెండోది పై భాగానికీ మడమకీ మధ్య మూలలో ఎత్తాలి, లేదంటే అక్కడ చిటికెన వేలు పట్టే కన్నం పడుతుంది. ఒక చుట్టు వదిలి ఒక చుట్టులో, రెండు పక్కలా ఒక్కొక్కటి తగ్గిస్తూ 16 చుట్లలో మళ్లీ 44కి వస్తారు.

పై భాగం రిబ్, అరికాలు వట్టి నిట్‌గా పాదం సాగాలి. అరికాలి కింద కూడా రిబ్ వేస్తే సాగుతుంది గానీ పర్ల్ కుట్ల గుబ్బలు పాదానికి గుచ్చుకుంటాయి. మ్యాజిక్ లూప్‌లో సగాలు మారే చోట నిచ్చెన మెట్లలా జాలి పడటం మామూలే. మొదటి కుట్టుని గట్టిగా లాగితే పోదు. రెండో కుట్టు అల్లి, అప్పుడు లాగాలి. పట్టీలో రెండో సగం పర్ల్‌తో మొదలవుతుంది కాబట్టి జాలి అక్కడే ఎక్కువ.

మేజోడు మొత్తం పొడవు పాదం కంటే ఒక సెంటీమీటరు తక్కువ, అంటే 23. వేళ్ల భాగానికి 4 పోతుంది కాబట్టి 19 దగ్గర తగ్గించడం మొదలుపెట్టండి. చుట్టు విడిచి చుట్టు 4 కుట్ల చొప్పున 24 దాకా, తర్వాత ప్రతి చుట్టులో 4 చొప్పున 16 దాకా. మిగిలిన ఎనిమిదీ ఎనిమిదీ ఊలు సూదితో కిచెనర్ కుట్టు (అల్లికలో కలిసిపోయేలా వేసే కుట్టు) వేసి కలపండి. లోపల గీతలా సీము రాకూడదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి అల్లుతుంటే ఇది మరీ ముఖ్యం. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి లోపలి ముడి ఒరుసుకుని పుండు పడినా తెలియదు. వాళ్లకి దారం కొసలు ముడి వేయకుండా అల్లికలోనే దాచండి, పట్టీ కూడా 44 బదులు 48 కుట్లతో మొదలుపెట్టి, మడమకి ముందు 4 తగ్గించండి. సాయంత్రం విప్పాక కాలి మీద గీత పడి ఉంటే ఆ పట్టీ బిగువే.

అడుగున పట్టు

గ్రానైటు, విట్రిఫైడ్ టైల్స్, పాలిష్ చెక్క మెట్లు, వీటి మీద అడుగు పట్టు లేని ఊలు మేజోడు వేసుకుని నడవడం ప్రమాదం. పెద్దవాళ్లకీ, నడక నేర్చుకునే పిల్లలకీ పట్టు వేయకుండా ఇవ్వకండి. సాక్స్ కోసమే సీసాల్లో వచ్చే ద్రవ లేటెక్స్ అన్నిటికంటే మేలు. పాదం ఆకారంలో అట్టముక్క లోపల పెట్టి, మేజోడు పాదం మీద సాగినంత సాగదీసి, సెంటీమీటరు దూరంలో బఠాణీ గింజంత చుక్కలు పెట్టి, ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వాలి. గీతలు గీయొద్దు. అడ్డంగా గీసిన గీత ఎండాక అల్లికని బిగించి పట్టేస్తుంది, ఇంత కష్టపడి తెచ్చిన సాగుడు అరికాలి దగ్గర పోతుంది. చుక్కల మధ్య కుట్లు స్వేచ్ఛగా సాగుతాయి. రబ్బరు పడని ఒళ్లున్నవాళ్లకి లేటెక్స్ బదులు మెత్తని స్వేడ్ తోలు ముక్కలు మడమ కిందొకటీ, వేళ్ల మొదళ్ల కిందొకటీ విడివిడిగా కుట్టండి, కలిపి ఒకే అట్టలా కాదు. గ్లూ గన్‌తో వేసిన చుక్కలు గట్టిపడి, ఊలు నూగుతో సహా ఊడొస్తాయి.

ఉతకడం గోరువెచ్చని నీళ్లలో, రుద్దకుండా, టవల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరేయడం. తీగ మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకి పట్టీ సాగుతుంది. ఊలు జతల్ని వేసవిలో దాచేటప్పుడు ఉతక్కుండా పెట్టి కలరా ఉండలు వేస్తే లాభం లేదు, చెమట వాసనకే పురుగు చేరుతుంది. ఉతికి, బాగా ఆరాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. మడమ దగ్గర అల్లిక పలచబడి వెలుతురు కనిపిస్తున్నప్పుడే అదే దారంతో రఫ్ఫు చేసేయండి. అందుకోసం ప్రతి జత నుంచీ ఓ ఐదు మీటర్లు చిన్న ఉండగా చుట్టి మేజోటిలోనే దాచిపెట్టండి.